అడ్డం 7, నాలుగు గళ్లు: మన కాళ్లూ చేతుల్లో దాక్కున్న చరిత్ర

హయత్‌నగర్ నుంచి మీ హోస్ట్‌ని. ఈ ఎపిసోడ్‌లో కోటలు, యుద్ధాలు పెద్దగా ఉండవు. కాళ్లు, చేతులు, మోకాళ్లు ఉంటాయి. ఒక గళ్లనుడికట్టు ఉంటుంది. పెన్ను, పేపర్ దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఫోన్లో నోట్స్ ఓపెన్ చేసుకోండి. మధ్యలో ఆధారాలు ఇస్తుంటాను. జవాబు చెప్పేలోపు వీడియో ఆపి మీరే ట్రై చేయండి.

ముందు ఇది ఎలా మొదలైందో చెప్తాను. పోయిన నెల ఒక ఆదివారం మా నాయనమ్మ, నేను బాల్కనీలో కూర్చుని ఒక పత్రికలో గళ్లనుడికట్టు నింపుతున్నాం. నాయనమ్మకి చదవడం రాదు. నేను ఆధారం చదివితే ఆమె జవాబు చెప్తుంది. సామెతలు, పాత మాటలు వచ్చాయంటే ఆమె ముందు నేను నిలవలేను. అడ్డం 7 వచ్చింది: "నేల మీద కాళ్లు మడిచి హాయిగా కూర్చునే తీరు, నాలుగు గళ్లు."

నాయనమ్మ ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. "సక్లం ముక్లం" అంది.

లెక్కపెట్టాను. స, క్లం, ము, క్లం. కరెక్ట్‌గా నాలుగు. రాసేశాను. తర్వాత నిలువు ఆధారాలు నింపుతుంటే మూడో గడిలో "ము" కుదరలేదు. అక్కడ "స" రావాలి. చివరికి తేలిన జవాబు "సుఖాసనం." సు, ఖా, స, నం. అదీ నాలుగే.

నేను కొట్టేసి మళ్లీ రాస్తుంటే నాయనమ్మ అడిగింది: "గదేందిరా? నేను చెప్పింది తప్పా?"

తప్పు కాదు నాయనమ్మా, ఇక్కడ వేరే మాట కావాలట అన్నాను. "మరి మనం కూసునేదాన్ని ఏమంటరు బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ తయారైందే.

ముందు గడి గురించి

క్రాస్‌వర్డ్ పుట్టింది తెలుగులో కాదు. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిది వేశాడు. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో. ఆ మొదటిది చతురస్రం కాదు, డైమండ్ ఆకారంలో ఉంటుంది. పేరు కూడా అప్పుడు "వర్డ్ క్రాస్." కొన్ని వారాల తర్వాత తిరగబడి క్రాస్‌వర్డ్ అయింది. 1924లో అమెరికాలో మొదటి క్రాస్‌వర్డ్ పుస్తకం వచ్చింది, దానికి ఒక పెన్సిల్ కూడా తగిలించి అమ్మారు. అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. మన దగ్గర ఆరుద్ర, శ్రీశ్రీ లాంటి పెద్ద కవులే కూర్చుని గళ్లు కూర్చారు. గళ్లనుడికట్టు, పదబంధ ప్రహేళిక అనే పేర్లు అలా జనంలోకి వెళ్లాయి.

ఇంగ్లీష్ గళ్లలో శరీర భాగాలు తెగ వస్తాయి. ఆర్మ్, లెగ్, టో, షిన్, నీ. ఎందుకంటే పొట్టి మాటలు, మూడు నాలుగు అక్షరాలు, మూలల్లో సులువుగా ఇరుకుతాయి. తెలుగులో లెక్క వేరు. మన గడిలో పట్టేది అక్షరం, గుణింతం ఒత్తులతో సహా. "కాలు" అంటే రెండు గళ్లు. "మోకాలు" మూడు. "భుజం" రెండు, అదే "భుజము" అంటే మూడు.

నేను బీటెక్ ఫైనల్ ఇయర్‌లో తెలుగు గళ్ల యాప్ ఒకటి రాయబోయి ఇక్కడే బోల్తా పడ్డాను. "కాల్మొక్త" అనే మాట ఇచ్చి పొడవు ఎంత అని కంప్యూటర్‌ని అడిగితే 9 అంది. క, దీర్ఘం, ల, పొల్లు, మ, ఒత్వం, క, పొల్లు, త. కంప్యూటర్ లెక్కలో తొమ్మిది ముక్కలు. మనిషి నోట్లో మాత్రం మూడే: కా, ల్మొ, క్త. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఇంగ్లీష్‌లో "డౌన్" అనేదాన్ని మనం "నిలువు" అంటాం. నిలువు అంటే నిలబడటం. మనిషి ఎత్తు కూడా నిలువే. రెండు నిలువుల లోతు బావి అంటే ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడేంత లోతు. అంటే మన గళ్లనుడికట్టులోనే ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

ఆధారం 1: మోచేతి నుంచి నడివేలి కొస దాకా; పూల గంప దగ్గర దొరుకుతుంది (2)

ఆపి ఆలోచించండి.

జవాబు: మూర. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర మల్లెపూలు కొన్నవాళ్లకి వెంటనే తట్టి ఉంటుంది. మన దేశంలో మెట్రిక్ కొలతలకి చట్టం వచ్చింది 1956లో, అమలు మొదలైంది 1958 అక్టోబర్‌లో. బట్టలు మీటర్లకి వెళ్లిపోయాయి, బియ్యం కిలోలకి వెళ్లిపోయాయి. పూలు మాత్రం ఇప్పటికీ మూరే.

ఒకప్పుడు ఒళ్లే మన టేపు. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జానెడు. రెండు చేతులూ బార్లా చాస్తే బారెడు. చేతిలో పట్టేది పిడికెడు, రెండు చేతులు కలిపితే దోసెడు. ఇంగ్లీష్ వాళ్లు "క్యూబిట్" అనేదీ మూరే. ఆ మాట లాటిన్‌లో మోచేతి పేరు నుంచి వచ్చింది. ఎక్కడైనా మనిషి మొదట కొలిచింది తన చేత్తోనే.

కానీ ఒక గొడవ ఉంది. ఎవరి మూర? మీ అమ్మ పూలామెతో "నీ చెయ్యి చిన్నది, ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువియ్యి" అని బేరమాడటం మీరు వినే ఉంటారు. ఒంటితో కొలిస్తే ఎవరి ఒళ్లు అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. ఆ గొడవ పూల దగ్గరే ఆగదు. ముందు ముందు చూడండి.

ఆధారం 2: ఓడని కదలనివ్వదు, ఏనుగునీ కదలనివ్వదు, మన ఊరి బేగం మొక్కు (3)

ఇది కొంచెం కష్టం. మా హయత్‌నగర్ వాళ్లయితే ప్రయత్నించండి.

జవాబు: లంగరు. ఓడ లంగరు అందరికీ తెలుసు. ఏనుగు కాలికి కట్టే గొలుసుని కూడా లంగర్ అనేవాళ్లు. ఇక్కడ మా ఊరి పేరు గురించి చెప్పాలి. హయత్‌నగర్‌కి ఆ పేరు హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. ఈమె హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. అంటే ముగ్గురు సుల్తానుల ఇంటి మనిషి. కొడుకు 1626లో గద్దె ఎక్కేటప్పటికి ఇంకా పిల్లవాడు, అందుకే రాజ్యం నడపడంలో ఈమె చెయ్యి చాలా ఉంది. ఆమె పేరుతో ఉన్న మసీదు, దాని పక్కన హాథీ బావి ఇప్పటికీ మా హయత్‌నగర్‌లో ఉన్నాయి. హాథీ బావి అంటే ఏనుగు బావి.

హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. అబ్దుల్లా చిన్నప్పుడు ఎక్కిన ఏనుగుకి మదమెక్కి, అతన్ని మోసుకుని అడవిలోకి పరిగెత్తింది. రోజులు గడిచినా జాడ లేదు. తల్లి మొక్కుకుంది: బిడ్డ క్షేమంగా వస్తే ఆ ఏనుగు కాలి గొలుసంత బరువున్న బంగారు గొలుసు చేయించి, హుస్సేనీ అలంకి తీసుకెళ్లి పేదలకి పంచుతానని. బిడ్డ వచ్చాడు, మొక్కు తీరింది. దాని జ్ఞాపకంగా లంగర్ ఊరేగింపు మొదలైందంటారు. అసఫ్‌జాహీల కాలం వచ్చేసరికి అది మొహర్రం నెలలో పెద్ద సైనిక ఊరేగింపు అయింది.

కథలో ఎంత నిజమో పక్కన పెట్టండి. ఊరేగింపు మాత్రం నిజం. ఒక జంతువు కాలికి వేసిన సంకెల పేరు ఊరి పండగ పేరయింది. రోజూ ఆ మసీదు ముందు నుంచి వెళ్తూ కూడా ఈ సంగతి నాకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా తెలియదు.

ఆధారం 3: 1869లో ఇంగ్లీషు దొర నిజాం దర్బారులో సంపాదించినది (2)

భూమి అనుకుంటున్నారా? కిరీటమా? కాదు.

జవాబు: కుర్చీ.

నవ్వకండి. అంతవరకూ నిజాం దర్బారుకి వెళ్తే బ్రిటిష్ రెసిడెంట్ అయినా సరే బూట్లు బయట విప్పి, తివాచీ మీద కాళ్లు మడిచి కూర్చోవాలి. అది ఇక్కడి మర్యాద. బిగుతు ప్యాంట్లు వేసుకుని, అలవాటు లేని మోకాళ్లతో గంటలకొద్దీ అలా కూర్చోవడం వాళ్లకి ఎంత కష్టంగా ఉండేదో ఊహించుకోండి. 1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా చనిపోయాడు. గద్దె ఎక్కాల్సిన మహబూబ్ అలీఖాన్‌కి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ పసివాడి పట్టాభిషేకం దర్బారులో రెసిడెంట్, ఆయన మనుషులు బూట్లతోనే లోపలికి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

యుద్ధం జరగలేదు. కొత్త ఒప్పందం ఏదీ రాయలేదు. మోకాలు మడవడం మానేశారు, అంతే. కానీ రాజ్యంలో ఎవరిది పైచెయ్యి అనేది ఆ రోజు హాల్లో ఉన్న అందరికీ తెలిసిపోయింది. చూడండి, ఇక్కడా "పైచెయ్యి" అనే అన్నాం. అధికారం గురించి మాట్లాడాలంటే మనకి ఒంటి మాటలే దిక్కు. చేతులెత్తేశాడు, కాళ్లబేరానికి వచ్చాడు, మెడలు వంచాడు, తల వంచాడు, వెన్ను చూపాడు.

ఆ రెసిడెంట్ ఉండే భవనం ఇప్పటికీ ఉంది. కోఠిలో. 1800ల మొదట్లో కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. తర్వాత విమెన్స్ కాలేజ్ అయింది, ఇప్పుడు యూనివర్సిటీ. మీలో ఎవరి అక్కో చెల్లో అక్కడ చదువుతూ ఉండొచ్చు. 2024లో ఆ యూనివర్సిటీకి ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఎవరిదో తెలియాలంటే తర్వాతి ఆధారం కావాలి.

ఆధారం 4: గడీ ముందు వినిపించిన మాట, అందులో కాలు ఉంది, అది మాట్లాడేవాడిది కాదు (3)

ఇందాక గుర్తుపెట్టుకోమన్నానుగా. కాల్మొక్త.

"బాంచన్ దొరా, నీ కాల్మొక్త." బాంచ అంటే దాసి, బానిస. నీ బానిసని, నీ కాలు మొక్కుతాను అని. మన మీమ్స్‌లో ఈ మాటని జోక్‌లా వాడేస్తుంటాం, నేనూ వాడాను. ఇప్పుడు వాడను. ఎందుకో చెప్తాను.

నిజాం కాలం తెలంగాణ పల్లెల్లో దొరల కింద వెట్టి నడిచేది. కూలి లేకుండా పొలం పని, ఇంటి పని, మోత పని. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. అలాంటి దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. నడుం కొంచెం వంచాలి. రాసిపెట్టిన రూలేమీ లేదు. ఒంటికి నేర్పిన రూలు. పిల్లలు తండ్రి నడుం చూసి నేర్చుకునేవాళ్లు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అది సాయుధ పోరాటానికి నిప్పు అంటించింది. అదే విసునూరు దొర మీద పాలకుర్తిలో తన పొలం, తన పంట వదలనని నిలబడిన మనిషి చాకలి ఐలమ్మ. నిలబడింది అనే మాట ఇక్కడ నేను ఊరికే వాడటం లేదు. వంగమన్నచోట వంగకపోవడమే ఆమె చేసింది.

కోఠి యూనివర్సిటీకి పెట్టిన పేరు ఆమెదే: వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. ఒక దొర బూట్లు విప్పకుండా దర్బారుకి బయల్దేరిన భవనం మీద, ఇంకో దొర ముందు వంగని మనిషి పేరు. ఈసారి ఆ బస్టాప్‌లో దిగినప్పుడు ఒకసారి బోర్డు చూడండి.

ఆధారం 5: కుర్చీ లేని కుర్చీ (4)

ఇది నైన్టీస్ కిడ్స్‌కి ఫ్రీ మార్కు.

గోడకుర్చీ. వీపు గోడకి ఆనించి, తొడలు నేలకి సమంగా, గాల్లో కూర్చోవడం. రెండు నిమిషాల్లో పిక్కలు వణుకుతాయి. నేను చదివిన స్కూల్లో, పేరు చెప్పను, క్లాసులో తెలుగు మాట్లాడితే ఇదే శిక్ష. మూడో తరగతిలో నేను పక్కవాడితో "జరగురా" అన్నందుకు గోడకుర్చీ వేశాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, పిల్లలని ఒంటి మీదా మనసు మీదా హింసించకూడదని అందులో 17వ సెక్షన్ చెప్తుంది. అప్పటికి నా గోడకుర్చీలు చాలానే అయిపోయాయి.

జిమ్‌లో ఇప్పుడు ఇదే భంగిమని "వాల్ సిట్" అని డబ్బులు కట్టి చేస్తున్నాను. ట్రైనర్ టైమర్ పెడితే ఒంటికి మాత్రం ఇంకా మూడో తరగతే గుర్తొస్తుంది. ఒళ్లు మర్చిపోదు. గడీ ముందు వంగిన నడుం కూడా అంత తొందరగా మర్చిపోయి ఉండదు.

మళ్లీ అడ్డం 7

ఈ ఎపిసోడ్ కోసం నోట్స్ రాసుకుంటూ నాయనమ్మని అడిగాను. ఆమె పుట్టింది పోలీస్ యాక్షన్ అయిన ఏడాది, అంటే 1948. దొరల సంగతి ఆమెకి వాళ్ల అమ్మ చెప్పినవే. "మీ అమ్మ దొర ముందు ఎలా కూర్చునేది?" అన్నాను.

"కూసునుడా?" అని నా వైపు వింతగా చూసింది. "నిలవడుడే. ఏదన్న పంచాయితీ ఉండి గంటలు గంటలయితే దూరంగ గొంతుక్కూసునేది. సక్లం ముక్లం వెట్టుకొని కూసుంటే ఊకుంటరా?"

అక్కడ నాకు విషయం అర్థమైంది. గొంతుక్కూర్చోవడం అంటే పిలిస్తే వెంటనే లేచేలా కూర్చోవడం. పిర్రలు నేలకి ఆనవు. సక్లం ముక్లం అంటే ఒళ్లు మొత్తం నేలకి అప్పగించి, నేను ఇప్పట్లో లేవను అన్నట్టు కూర్చోవడం. అది సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య, అన్నం కంచం ముందు కూర్చునే తీరు. ఆ హాయి అందరికీ అన్నిచోట్లా దొరకలేదు. ముత్తమ్మకి గడీ ముందు దొరకలేదు.

సుఖాసనం కూడా మంచి మాటే, నాకు దాంతో పేచీ లేదు. యోగా క్లాసులో అదే అంటాను. కోస్తా స్నేహితులు "బాసింపట్టు" అంటారు, అదీ నాలుగు గళ్లే. కొందరు "మఠం వేసుకుని" అంటారు. సక్లం ముక్లంలో కూడా ఊరికో పలుకుబడి ఉంది. నా బాధ ఏంటంటే, గడిలో ఒకటే మాట పడుతుంది, ఆ ఒక్కటీ ప్రతిసారీ పుస్తకాల్లోంచే వస్తుంది. ఆదివారం గళ్లు నింపే నాయనమ్మకి, తను డెబ్బై ఏళ్లుగా కూర్చున్న తీరుకి పేరే లేదేమో అనిపిస్తుంది. నేను ఆ రోజు ఆమె మాటని కొట్టేసింది పెన్నుతోనే. కానీ ఆమె ముఖం చూశాక, మూడో తరగతిలో "జరగురా" అన్న నా మాటని కొట్టేసిన టీచర్ గుర్తొచ్చింది.

అందుకే ఒక పని చేశాను. సొంతంగా ఒక గళ్లనుడికట్టు కూర్చాను. పాత యాప్ కోడ్ దుమ్ము దులిపి, ఈసారి అక్షరాలని సరిగ్గా విడగొట్టేలా రాశాను. అడ్డం 7 అదే ఆధారం, అవే నాలుగు గళ్లు. మూడో గడిలోంచి కిందకి ఒక నిలువు ఆధారం వెళ్తుంది: "ఇవి నేలకి ఆనించి, మడమలు లేపితే అటక అందుతుంది, నాలుగు గళ్లు." మునివేళ్లు. ము, ని, వే, ళ్లు. దాంతో మూడో గడి "ము" అయి తీరాలి. ఇక సుఖాసనం పట్టదు, బాసింపట్టు పట్టదు.

నాయనమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడు ఆమె కింద కూర్చోలేదు. మోకాళ్లు అరిగాయి, డాక్టర్ కుర్చీలోనే కూర్చోమన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు చాపుకుని ఉంది. ఆధారం వినగానే "గదే, సక్లం ముక్లం" అంది. రాశాను. "సరిపోయిందా?" అంది. సరిపోయింది నాయనమ్మా అన్నాను. "మరి మొన్నెందుకు సరిపోలే?" అంది.

ఆ ప్రశ్న మీకు వదిలేస్తున్నాను. ఒక చిన్న పని కూడా. ఈ రోజు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి: నేల మీద కూర్చోవడానికి, బోర్లా పడుకోవడానికి, ఒక పక్కకి ఒత్తిగిలడానికి మీ ఊళ్లో ఏమంటారు? వాళ్లు చెప్పిన మాటని వాళ్లు పలికినట్టే, మీ ఊరి పేరుతో కింద కామెంట్లో రాయండి. దిద్దొద్దు. వచ్చే నెల వాటితోనే ఒక పెద్ద గళ్లనుడికట్టు వేద్దాం. ఎన్ని గళ్లు కావాలంటే అన్ని గీస్తాను.

ఉంటాను మరి. చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, లేచి ఒకసారి కాళ్లు చాపుకోండి.